అడ్డగోడకు అవతలి మనిషి

ఒమర్ పెల్టియే వాళ్ళది పీపాలు చేసే ఇల్లు. మా బిడ్డిఫర్డ్‌లో, సాకో నది ఒడ్డున, నూలు మిల్లుల వెనక వీధిలో ఫ్రెంచి మాట్లాడే వాళ్ళ తాత కెనడా నుంచి వచ్చి వేసిన కొట్టం ఉండేది. ఆపిల్ రసానికీ, ఉప్పు చేపలకీ, మేకులకీ కూడా ఆ కొట్టంలో చేసిన పీపాలే వెళ్ళేవి. ఓక్ పలకను ఆవిరి పట్టి వంచడం, పలకకూ పలకకూ మధ్య ఎండిన జమ్ము దూర్చడం, ఇనప కట్టు ఎంత బిగిసిందో సుత్తి చప్పుడును బట్టి చెప్పడం ఒమర్‌కు పన్నెండేళ్ళకే వచ్చేశాయి.

"నీళ్ళకి మనకంటే ఓపిక ఎక్కువరా," అనేవాడు తండ్రి. "నువ్వు ఎక్కడ ఒళ్ళు దాచుకున్నావో అక్కడే వెతికి పట్టుకుంటుంది."

ఇనప డ్రమ్ములొచ్చాక పీపాలను అడిగేవాడు లేకపోయాడు. 1931లో కొట్టం మూతపడింది. మరుసటేడు ఒమర్ పోర్ట్‌లండ్ వెళ్ళి నౌకాదళంలో చేరాడు. చేతిపని చూసి వడ్రంగుల్లో వేశారు. అప్పుడే కొత్తగా నీళ్ళలోకి దిగిన సాండస్కీ అనే పెద్ద క్రూజర్ యుద్ధనౌక మీదికి పంపారు.

సాండస్కీ ఆరువందల అడుగుల ఓడ. మూడు బురుజుల్లో తొమ్మిది పెద్ద ఫిరంగులు. ఏ దేశం ఓడా ఇంతకు మించి బరువుండకూడదని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్న రోజుల్లో కట్టినది. ఫిరంగుల బరువు తగ్గించలేక, ఒంటి మీది ఉక్కు పలచన చేశారు. అందుకని ఆ ఓడ వాళ్ళు దాన్ని ముద్దుగా 'రేకు డబ్బా' అనేవాళ్ళు. బయటివాడెవడైనా ఆ మాటంటే మాత్రం రేవులో కొట్లాటే.

పదేళ్ళు ఆ ఓడలోనే గడిచాయి. పనామా కాలవ, హొనొలులు, వాల్పరైసో. పడవల తెడ్లు, అధికారుల బల్లలు, ఒకసారి పియానో కాలు బాగుచేశాడు. మధ్యలో సెలవుమీద వచ్చి బ్లాంష్ గూలేను పెళ్ళాడాడు. అతనికి మాట తక్కువ. ఇంట్లో ఫ్రెంచి, ఓడలో ఇంగ్లీషు. కంగారు పుడితే రెండూ కలిసి నాలుకకు అడ్డం పడేవి. ఓడలో అందరూ అతన్ని 'ఫ్రెంచీ' అనేవాళ్ళు. యుద్ధం వచ్చేసరికి అతను పెద్ద వడ్రంగి. గుండు తగిలినా, మంట లేచినా, నీళ్ళు చొచ్చినా ఓడ ముందు భాగం చూసుకోవాల్సిన మరమ్మతు దళం అతని చేతికింద ఉండేది.

1943 జనవరిలో, సాలమన్ దీవుల దగ్గర, తెల్లవారి ఆరు దాటాక ఆ దెబ్బ తగిలింది. మబ్బుల కిందినుంచి ఐదు జపాను విమానాలు నీళ్ళను రాసుకుంటూ వచ్చాయి. నాలుగు వదిలిన టార్పెడోలు పక్కనుంచి పోయాయి. ఐదోదాని టార్పెడో ఓడ ఎడమ దవడ మీద పేలింది. ముక్కు మొత్తం, మొదటి బురుజు ముందుదాకా, చెరుకు ముక్క విరిచినట్టు విరిగి పక్కకు వాలి మునిగిపోయింది. అందులో నలభై ఒక్క మంది ఉన్నారు.

ఒమర్ లేచేసరికి దీపాలు పోయాయి. చేతిదీపం పట్టుకుని ముందుకు పరిగెత్తాడు. వెనక వోయ్తక్ వస్తున్నాడు. పెన్సిల్వేనియా బొగ్గుగనుల ఊరినుంచి వచ్చిన పోలిష్ మనిషి, ఒమర్‌కు కుడిభుజం. మొదటి బురుజు దగ్గర కింది అరల్లోకి దిగే ఉక్కు మూత తెరిచే ఉంది. నీళ్ళు అప్పటికే పిక్కల దాకా వచ్చాయి. ఇంధన నూనె కంపు కళ్ళు మండిస్తోంది.

ఒమర్ వంగి చీకట్లోకి అరిచాడు. "ఎవరైనా ఉన్నారా కింద?"

నీళ్ళ హోరు తప్ప ఏమీ వినబడలేదు. రెండోసారి అరిచాడు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. మూడోసారి అరిచి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"ఫ్రెంచీ, ఇక మూసెయ్," అన్నాడు వోయ్తక్. "మూయకపోతే మనం కూడా ఇక్కడే."

ఒమర్ మూత దించి, చుట్టూ ఉన్న గొళ్ళేలను సుత్తితో బిగించాడు. ఇద్దరూ వెనక్కి పరిగెత్తి ఓడను అరలుగా విడదీసే పెద్ద ఉక్కు అడ్డగోడ తలుపు దాటి, దాన్ని కూడా బిగించారు. ఇక ఆ అడ్డగోడే ఓడకు ముక్కు. దానికి అవతల సముద్రం, ఇవతల తొమ్మిది వందల మంది.

ఏడున్నరకు ఓడ కదిలింది. ముందుకు కాదు, వెనక్కి. ముందుకు నడిస్తే సముద్రం ఆ గోడను రొమ్ము మీద గుద్దినట్టు గుద్దుతుంది. అందుకని తోక ముందు పెట్టుకుని, గంటకు మూడు మైళ్ళ చొప్పున, తులాగి రేవు వైపు పాక్కుంటూ వెళ్తోంది. ఆ వేగానికి రేవు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. ఓడ కదలకముందే ఒమర్ మనుషులు ఓడలో ఉన్న దూలాలన్నీ దించి గోడకు ఊతాలు పెట్టారు. దూలం చివర చీల పెట్టి కొట్టడం, మరో దూలం, మరో చీల. గోడకు అడ్డంగా ఒక దారం లాగి కట్టాడు ఒమర్. గోడ ఎంత ఉబ్బుతోందో ఆ దారం చెబుతుంది. మొదట చూసినప్పుడు అంగుళం. గంట తర్వాత అంగుళంన్నర.

అప్పుడు వినబడింది. గోడ అవతలినుంచి, కొట్టిన శబ్దాలు ఐదు. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ఐదు.

"ఊడిన పైపేదో ఊగుతున్నట్టుంది," అన్నాడు ఒకడు.

వోయ్తక్ చీల కొట్టడం ఆపాడు. "పైపుకి లెక్కలు రావు. గనిలో పైకప్పు కూలినప్పుడు లోపలున్నవాళ్ళు ఇలాగే కొడతారు. ఐదు కొట్టి ఆగుతారు. ఆగడం మన జవాబు వినడానికి."

అతనే సుత్తి తీసుకుని ఐదు దెబ్బలు కొట్టాడు. అవతలినుంచి వెంటనే గబగబా దెబ్బలు, లెక్కా పత్రం లేకుండా. తర్వాత తమాయించుకున్నట్టు మళ్ళీ ఐదు.

శబ్దం కింది అంతస్తులో, కుడి మూలనుంచి వస్తోంది. గోడకు ఇవతల ఆ మూల తాళ్ళు దాచే చిన్న ఉక్కు గది ఉంది. ఒమర్ దాంట్లోకి దిగి చెవి ఆనించాడు. తర్వాత అరచెయ్యి పెట్టి గోడను కిందినుంచి పైకి తడిమాడు. నడుం ఎత్తుదాకా ఉక్కు చల్లగా, చెమట పట్టి ఉంది. ఆ పైన పొడిగా, గోరువెచ్చగా ఉంది. అంటే అవతల నడుం దాకా నీళ్ళు, ఆ పైన గాలి. చెమట గీత మీద సుద్దముక్కతో గీశాడు. అరగంట తర్వాత చూస్తే గీతకు పైన నాలుగు వేళ్ళ మేర ఉక్కు చల్లబడింది.

గోడ అవతలి గది పైకప్పులో ఉన్న మూత ఏదో ఒమర్‌కు అప్పుడు తట్టింది. పొద్దున తన చేతులతో బిగించినదే.

తాళ్ళ చుట్ట మీద కూర్చుండిపోయాడు. ఓడ దెబ్బతిన్నప్పుడు మరమ్మతులు చూసే లెఫ్టినెంట్ విన్‌స్లో దిగి వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు.

"సార్, ఆ మూత మూసింది నేను," అన్నాడు. "మూడుసార్లు పిలిచాను."

విన్‌స్లో సుద్దగీత మీద చెయ్యి పెట్టి చూశాడు. "నువ్వు మూయబట్టే గాలి లోపల నిలిచింది, పెల్టియే. తెరిచి ఉంటే ఆ గది అప్పుడే నిండిపోయేది. ఆ సంగతి ఆలోచించు."

ఒమర్ ఆలోచించాడు. నిజమే అనిపించింది. అయినా లేచి గోడ మూలను మళ్ళీ తడిమాడు.

"ఎలా తీస్తావు?" అన్నాడు విన్‌స్లో.

ఒమర్‌కు పీపాలు తప్ప వేరే శాస్త్రం తెలీదు. తెలిసినదే చెప్పాడు. తాళ్ళ గదికి ఒకటే తలుపు. లోపలికి ఇద్దరు వెళ్ళి తలుపు మూయించుకుంటారు. గొట్టంతో గదిలోకి గాలి కొట్టి, అవతల గదిలో గాలి ఎంత ఒత్తిడిలో ఉందో ఇక్కడా అంతే చేస్తారు. రెండు పక్కలా ఒత్తిడి సమానమైతే గోడకు కన్నం పెట్టినా నీళ్ళు ఎగబడవు. మనిషి దూరేంత కన్నం చేసి, లాగి, దానికి పీపా మూతలాంటి మూత వేసి, అప్పుడు గాలి వదులుతారు. నూనె ఆవిర్లు ఉన్నాయి కాబట్టి గ్యాసు మంటతో కొయ్యడానికి లేదు. పక్కపక్కనే బెజ్జాలు వేసి, ఉలితో కలపాలి.

విన్‌స్లో అతన్ని తీసుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్ళాడు. కెప్టెన్ నెత్తురు కారుతున్న నుదుటికి చేతిగుడ్డ అదుముకుని విన్నాడు.

"చిన్న బెజ్జం వేసి గొట్టంతో గాలి ఇవ్వు. నీళ్ళు ఆగుతాయి. రేవుకు చేరాక తీయొచ్చు."

"నీళ్ళు ఆగుతాయి సార్. గోడ ఆగదు. అంగుళంన్నర ఉబ్బింది. రేవు దాకా నిలుస్తుందని చెప్పలేను."

"గోడే నిలవదంటావు, ఆ గోడకే మనిషి పట్టేంత కన్నం పెడతానంటావు. నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?"

ఒమర్ నాలుక అడ్డం తిరిగింది. ముందు ఫ్రెంచిలో ఏదో వచ్చింది. మింగేసి మళ్ళీ మొదలుపెట్టాడు. "గోడ మధ్యలో ఉబ్బుతోంది సార్. నేనడిగేది మూల. అక్కడ ఓడ పక్కటెముకలు గోడకి కలుస్తాయి. పీపాకి కన్నం పెట్టేటప్పుడు కూడా అంతే, ఇరుకు పలకకి పెడితే పీపా పగులుతుంది, వెడల్పు పలకకి పెడితే దానికి తెలీను కూడా తెలీదు. ఒకవేళ తప్పు జరిగినా నిండేది తాళ్ళ గదే. దాని తలుపు బయటినుంచి దూలాలు పెట్టి మూయించుకుంటాం."

"లోపల ఉండేదెవరు?"

"నేను సార్. వోయ్తక్ వస్తానన్నాడు."

కెప్టెన్ గడియారం చూశాడు. తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. "పన్నెండు వరకు. పన్నెండు కొట్టగానే నా మనుషుల్ని ఆ అరలోంచి ఖాళీ చేయించి వెనకున్న రెండో అడ్డగోడ దగ్గర నిలబెడతాను. వాడు బయట ఉన్నా లోపల ఉన్నా. మీరు కూడా. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

తాళ్ళ గది తలుపు రబ్బరు చుట్టూ ఒమర్ జనపనార పేని, కొవ్వు పట్టించి, ఉలి వెనకతో దట్టించాడు. భోజనాల గది ఓక్ బల్లను కోసి, అంచు చెక్కి, దాని చుట్టూ నార చుట్టి మూత తయారు చేశాడు. బిరడాల కోసం సంచినిండా మేపుల్ కర్రముక్కలు చెక్కించాడు. లోపలికి దిగాక బయట తలుపుకు దూలాలు ఆనించి చీలలు కొడుతున్న శబ్దం ఒక్కొక్కటే వినబడింది. ఆఖరి దెబ్బ తర్వాత వోయ్తక్ అన్నాడు, "గనిలో దిగనని ఒట్టేసుకుని ఊరొదిలి వచ్చాను. చూడు ఎక్కడికొచ్చానో."

గదిలోకి గాలి కొట్టడం మొదలుపెట్టారు. చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. ఇద్దరూ ముక్కు మూసుకుని, గుటకలు మింగుతూ కూర్చున్నారు. ఒత్తిడి ఎంత కావాలో ఒమర్ లెక్క కాగితం మీద ఉంది. అది ఎంతవరకు నిజమో మొదటి బెజ్జం చెబుతుంది.

చెమట గీతకు రెండు జానల పైన డ్రిల్లు బిట్టు ఆనించాడు. రెండు నిమిషాలకు ఉక్కు తెగింది. బిట్టు బయటికి లాగగానే నూనె కంపుతో గాలి సన్నగా ఈల వేస్తూ మొహం మీదికి కొట్టింది. అవతలే ఒత్తిడి ఎక్కువ. బెజ్జం మీద బొటనవేలు నొక్కిపెట్టి, బయటివాళ్ళకు మూడు దెబ్బలు కొట్టి ఇంకా గాలి కావాలన్నాడు. వేలు తీసి వినడం, మళ్ళీ నొక్కడం. నాలుగోసారికి ఈల పలచబడి, తడబడి, ఆగిపోయింది.

అప్పుడు ఆ బెజ్జంలోంచి గొంతు వచ్చింది. బొంగురుగా, చాలా దగ్గరగా.

"ఎవరక్కడ?"

"ఒమర్. వడ్రంగిని."

"ఫ్రెంచీవా? ఈ పక్క మేబ్రీ. రొట్టెల హాలిస్ మేబ్రీ."

హాలిస్ మేబ్రీ ఓడలో రొట్టెలు చేసేవాడు. కెంటకీ కొండల మనిషి. నోరు మూతపడని మనిషి. యుద్ధ సమయంలో అతని చోటు ఆ గదిలో, ఫిరంగి మందు సంచులు అందించే దగ్గర.

"ఇంకెవరైనా ఉన్నారా నీతో?" అన్నాడు ఒమర్.

"ఉన్నారు. ఇద్దరు. మాట్లాడరు."

ఒమర్ కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఫ్రెంచీ, పొద్దున నలభై రొట్టెలు పొయ్యిలో పెట్టి వచ్చాను. ఎవడైనా తీశాడా?"

"మాడి బొగ్గయ్యాయి," అన్నాడు వోయ్తక్.

"ఆ నంగి గొంతు వోయ్తక్‌దేనా? బొగ్గైనా నీకు పెట్టాల్సింది, వాటి విలువ నీకే తెలుసు." దగ్గు వచ్చి ఆగిపోయాడు. "మా నాన్న గనిలో మూడు రోజులున్నాడు ఇలాగే. నేను నీళ్ళమీది ఉద్యోగం అన్నాను. మా అమ్మ సంతోషపడింది."

"మాట్లాడకు. గాలి దాచుకో," అన్నాడు ఒమర్.

"మాట్లాడకపోతే భయమేస్తోందిరా," అన్నాడు మేబ్రీ.

కోడిగుడ్డు ఆకారంలో సుద్దగీత గీసి, దానిమీద యాభై ఎనిమిది చుక్కలు పెట్టాడు ఒమర్. ఒక బెజ్జం వేయడం, వెంటనే బిరడా కొట్టడం. డ్రిల్లు పట్టి భుజంతో నెట్టేది ఒకరు, బిరడాలు కొట్టేది ఇంకొకరు. పదేసి బెజ్జాలకు చేతులు మార్చుకున్నారు. ఆ ఉక్కు గదిలో వేడికి చెమట కాలవలు కట్టింది. ఒంటిమీద చొక్కాలు విప్పేశారు. పదిన్నరకు ఇరవై తొమ్మిది పూర్తయ్యాయి. మూడు బిట్లు విరిగాయి. ఇంకా నాలుగు మిగిలాయి.

పదకొండు దాటిన కాసేపటికి పైన గంటలు మోగాయి. అర్థం కావడానికి క్షణం చాలు. విమానాలు మళ్ళీ వచ్చాయి. ఓడ మీది తుపాకులు విమానాల మీద పేల్చడం మొదలెట్టగానే గది మొత్తం జల్లెడ పట్టినట్టు ఊగింది. డ్రిల్లు బిట్టు పటుక్కున విరిగింది. రెండోది పెట్టాడు, అదీ విరిగింది. దగ్గర్లోనే బాంబు నీళ్ళలో పడి ఓడను పక్కకు తోసింది. దీపం ఆరిపోయింది. దానితోపాటే గొట్టంలో గాలి బుసబుస కూడా ఆగిపోయింది.

చీకట్లో మొదటి బెజ్జం సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. దాన్ని మాటలకోసం బిరడా లేకుండా వదిలారు.

"గదిలో గాలి తగ్గుతోంది," అన్నాడు వోయ్తక్. "తలుపు దగ్గర్నుంచి పోతోంది."

ఒమర్ తడుముకుంటూ బెజ్జం దగ్గరికి చేరాడు. "మేబ్రీ, దీన్ని మూస్తున్నాను."

"వద్దు."

"మూయకపోతే నీ గాలి ఇటు వచ్చేస్తుంది. నీళ్ళు పైకొస్తాయి."

"వచ్చాయి. గొంతుదాకా ఉన్నాయి. ఫ్రెంచీ, మూయొద్దురా. ఏదైనా చెప్తూ ఉండు, కానీ మూయకు."

బిరడా ఒమర్ చేతిలో ఉంది. పొద్దున మూత దించినప్పటి బరువంతా ఆ చిటికెన వేలంత కర్రముక్కలోకి వచ్చి చేరింది. బిరడా పెట్టి సుత్తితో కొట్టాడు. ఈల ఆగింది. మరుక్షణం అవతలినుంచి గుద్దులు. అరచేత్తో, పిడికిలితో, లెక్క లేకుండా. ఒమర్ సుత్తి తీసుకుని ఐదు కొట్టాడు. ఆగాడు. ఐదు కొట్టాడు. ఆ గుద్దులు ఆగేదాకా అలాగే కొట్టాడు. చివరికి అవతలినుంచి ఐదు వచ్చాయి.

ఆరు నిమిషాలకు దీపం వెలిగింది, గొట్టం బుసకొట్టింది. ఒత్తిడి మళ్ళీ ఎక్కాక బిరడా లాగితే మొదట వినబడింది ఊపిరి.

"నీ ముత్తాతల్ని కూడా తిట్టాను," అన్నాడు మేబ్రీ. "విన్నావా?"

"గోడ మందం కదా. వినలేదు."

"మంచిదే."

తలుపుమీద రెండు దెబ్బలు పడ్డప్పుడు ఒమర్ యాభై ఒకటో బెజ్జం మీద ఉన్నాడు. రెండు దెబ్బలంటే పన్నెండు. వోయ్తక్ అతని మొహంలోకి చూశాడు. ఒమర్ తల తిప్పకుండా డ్రిల్లు నొక్కాడు. కాసేపాగి మళ్ళీ రెండు దెబ్బలు.

"విన్‌స్లో సారు పిలుస్తున్నాడు," అన్నాడు వోయ్తక్.

"నీకు వినబడిందా?"

వోయ్తక్ మొహం తుడుచుకున్నాడు. "డ్రిల్లు మోతలో ఏం వినబడుతుంది? నెట్టు."

బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. విన్‌స్లో అరలో ఉన్న ఇరవైమందినీ వెనక గోడ దాటించి పంపేశాడు. ఇద్దరు మాత్రం తలుపు చీలలు తీయడానికి కావాలని ఉండిపోయారు. విన్‌స్లో గడియారం విప్పి జేబులో వేసుకుని, దారం ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. దారం రెండంగుళాలు చూపిస్తోంది. కెప్టెన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ "వస్తున్నారు సార్" అనే చెప్పాడు.

పన్నెండూ ఇరవై రెండుకు ఆఖరి బెజ్జం పడింది. ఉలీ సుత్తీ తీసుకుని బెజ్జాల మధ్య మిగిలిన ఉక్కు తునకలు కొట్టారు. ఉక్కు ముక్క ఊడి అవతల నీళ్ళలో పడింది. కన్నంలో ముందు రెండు చేతులు కనిపించాయి. తర్వాత నల్లటి నూనెలో ముంచి తీసిన తల. కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. భుజాలు అంచుల్లో ఇరుక్కున్నాయి. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగితే చర్మం చీరుకుపోతూ, నూనె జారుడుకు ఒక్కసారిగా మీద వచ్చి పడ్డాడు. ముగ్గురూ తాళ్ళ మీద కలగాపులగంగా పడిపోయారు. ఎవరికీ నవ్వే తీరిక లేదు.

మూత ఎత్తి కన్నానికి నొక్కి, వెనక కురచ దూలాలు ఆనించి చీలలు కొట్టారు. ఒమర్ గాలి తగ్గించమని సైగ కొట్టాడు. ఒత్తిడి దిగుతున్నకొద్దీ అవతలి గాలి మూత అంచుల్లోంచి జారి, అక్కడి నీళ్ళు పైకెక్కుతున్న చప్పుడు వినబడింది. నీళ్ళు మూత ఎత్తుకు వచ్చాయి. ఓక్ చెక్క మూలిగింది. నార అంచుల్లోంచి సన్నటి ధారలు ఐదారు చిమ్మాయి. ఒమర్ మూతకు భుజం ఆనించి నిలబడ్డాడు, తన బలంతో అది ఆగుతుందన్నట్టు. తడి పీల్చుకుని నార ఉబ్బింది. ధారలు చుక్కలయ్యాయి.

"తలుపు," అన్నాడు ఒమర్.

బయట చీలలు ఊడుతున్న శబ్దం మొదలైంది.

మూడుంపావుకు సాండస్కీ తోక ముందుకు పెట్టుకుని తులాగి చేరింది. అడ్డగోడ నిలిచింది. రెండంగుళాల పావు ఉబ్బి ఆగింది. ఆ రోజు సాయంత్రం కెప్టెన్ ఒమర్‌ను పిలిపించి, ఆజ్ఞ ధిక్కరించినందుకు ముక్కచివాట్లు పెట్టాడు. తర్వాత కరచాలనం చేశాడు. రెండూ కాగితం మీద ఎక్కలేదు.

మూడు వారాలు ఆ కొబ్బరిచెట్ల ఒడ్డున కట్టేసి, ఓడకు దొంగ ముక్కు పెట్టారు. చెట్లు నరికి, దుంగలు పేర్చి, ఉక్కు తాళ్ళతో బిగించారు. ఆ పని ఒమర్ చేతిమీదే నడిచింది. ఒక మధ్యాహ్నం అతను దుంగ చెక్కుతుంటే, భుజాలకు కట్లతో మేబ్రీ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆస్పత్రి ఓడ మీదికి పంపుతున్నారని, పోయేముందు చూసిపోదామని వచ్చానన్నాడు.

ఒమర్ బాడిస పక్కన పెట్టాడు. "నీకో మాట చెప్పాలి. ఆ పైమూత మూసింది నేను."

"తెలుసు. నీ గొంతు విన్నాను. ఎవరైనా ఉన్నారా అని."

"విన్నావా? మరి పలకలేదే?"

"నోటినిండా నూనె. మెట్లు పట్టుకుని ఉన్నాను. కక్కి పలికేలోగా మూత పడింది." మేబ్రీ ఇసకలోకి చూస్తూ అన్నాడు. "మూడుసార్లు పిలిచావు. నేనైతే రెండోసారి పిలిచేవాణ్ణి కాదు, ఫ్రెంచీ. ఆ సంగతే చెబుదామని వచ్చాను."

ఒమర్‌కు అది ఓదార్పు కాలేదు. పలకబోతున్న మనిషి మీద మూత వేశానన్నది అంతకుముందు అనుమానం. ఇప్పుడు నిజం.

దుంగల ముక్కుతో సాండస్కీ ముందు ఆస్ట్రేలియాకు, అక్కడినుంచి సముద్రం దాటి సొంత తీరానికి చేరింది. కొత్త ఉక్కు ముక్కు అతికించాక మళ్ళీ యుద్ధానికి వెళ్ళి, ఫిలిప్పీన్స్ దాకా పోరాడింది. ఒమర్ మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ఓడల్ని మునగకుండా కాపాడటం నేర్పే బడిలో పనికి వేశారు. ఒక తరగతిలో కుర్రాడొకడు అడిగాడట, మూత వేసేముందు ఎన్నిసార్లు పిలవాలి అని. ఒమర్ "దానికి లెక్క లేదు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకో," అని చెప్పి, ఆ పూటకు తరగతి చాలించాడట. యుద్ధం అయ్యాక సాండస్కీ సైనికుల్ని ఇళ్ళకు చేరవేసింది. ఆ తర్వాత పదమూడేళ్ళు రేవులో తుప్పుపట్టి, 1959లో పాత ఇనుము కింద అమ్ముడైపోయింది.

బిడ్డిఫర్డ్ తిరిగి వచ్చిన ఒమర్ ఇళ్ళ పనులు చేసేవాడు. మెట్లు, కిటికీలు, మిల్లు కూలీల వసారాలు. ఓడ సంగతి ఇంట్లో ఎత్తేవాడు కాదు. బ్లాంష్‌కు తెలిసిందల్లా పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాలు, ఆయనకిచ్చిన పతకం. ఆ పతకాన్ని మేకుల డబ్బాలో ఎందుకు పడేశాడో ఆమెకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

1961 అక్టోబరులో మేబ్రీ వచ్చాడు, లూయీవిల్‌లో తాను పెట్టుకున్న రొట్టెల అంగడి పని కొడుక్కి అప్పజెప్పి. శనివారం. బ్లాంష్ పొయ్యిమీద చిక్కుళ్ళ కుండ పెట్టింది. మేబ్రీ బల్ల దగ్గర కూర్చుని పిండి పిసుకుతూ, ఆమె అడిగినదానికల్లా జవాబు చెబుతున్నాడు. మాట యుద్ధంలోకి తిరగ్గానే ఒమర్ లేచి, కట్టెలు కోయాలంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"ఈయన నాకేమీ చెప్పలేదు, మేబ్రీ గారూ," అంది బ్లాంష్. "మీరైనా చెప్పండి."

మేబ్రీ పిండి మీద గుడ్డ కప్పి చెప్పాడు. పైమూత సంగతి, నోట్లో నూనె సంగతి, ఈల వేసిన బెజ్జం సంగతి, మూయొద్దని తాను బతిమాలిన సంగతి. బ్లాంష్ అడ్డం రాకుండా విన్నది. "నన్ను రెండుసార్లు మూశాడమ్మా ఆయన," అన్నాడు చివరికి. "రెండుసార్లూ బతికాను. ఆయనకి మాత్రం మూయడమే గుర్తుంటుంది."

బ్లాంష్ కుండ కింద మంట తగ్గించింది. కోటు వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఒమర్ ఇద్దరు పట్టే రంపాన్ని ఒక్కడే లాగుతూ, అది దుంగలో వంగి ఇరుక్కుంటుంటే తిట్టుకుంటున్నాడు. ఆమెను చూసి ఆగాడు. ఆమె మొహం చూడగానే అతనికి తెలిసిపోయింది.

"అంతా చెప్పేశాడా?"

"చెప్పాడు."

ఒమర్ దుంగ వైపు చూస్తూ నిలబడ్డాడు. బ్లాంష్ అవతలి పక్కకు నడిచి, రెండో పిడి పట్టుకుంది.

"లాగు," అంది. "చీకటి పడకముందే ఇదైనా అవుతుంది."